ఇంట్లో ఉన్న విండోస్ 10 కంప్యూటర్‌ను మార్చాలా, ఉంచాలా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాటలు అయిపోయాక, ఎనిమిదో తరగతి పాప తల్లి ఒకరు సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నా బల్ల మీద పెట్టారు. "మేడమ్, జర దీన్ని చూస్తరా? తెర మీద ఊకె ఏదో నోటీసు వస్తున్నది. షాపుకు తీస్కపోతే, ఇది ఇగ పనికిరాదు, కొత్తది కొనుండ్రి అన్నడు. మంచిగనే నడుస్తున్నది కదా, నిజంగనే పడెయ్యాల్నా?" అని అడిగారు.

అదే వారంలో శాలిబండ, శంషీర్‌గంజ్, చాంద్రాయణగుట్ట వైపు నుంచి వచ్చే మరికొందరు తల్లిదండ్రులు కూడా ఇదే ప్రశ్న అడిగారు. కాబట్టి ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు.

ముందుగా చిన్న జవాబు. ఆ కంప్యూటర్‌ను పడేయనక్కర్లేదు. అలాగని ఆ నోటీసును చూసీ చూడనట్టు వదిలేయడానికీ వీల్లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో, మీ ఇంట్లోని కంప్యూటర్‌కు ఏది సరిపోతుందో కింద చూద్దాం.

అసలు ఏం జరిగింది?

కంప్యూటర్ ఒక యంత్రం. ఆ యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మైక్రోసాఫ్ట్ కంపెనీ వారి విండోస్. అందులో విండోస్ 10 అనేది 2015 జులై 29న వచ్చింది. విండోస్ 11 2021 అక్టోబర్ 5న వచ్చింది. విండోస్ 10కి ఇచ్చే సాధారణ సపోర్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ముగించింది.

సపోర్ట్ ముగియడం అంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. ఆ మర్నాడు కూడా అది ఎప్పటిలాగే ఆన్ అయింది, ఇకముందు కూడా అవుతుంది. ఆగిపోయింది మరమ్మతు.

ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఎక్కడో ఒకచోట లోపాలు ఉంటాయి. వాటిలో కొన్ని దొంగ లోపలికి దూరే కన్నాల్లాంటివి. అవి బయటపడినప్పుడల్లా మైక్రోసాఫ్ట్ వాటిని పూడ్చే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలను పంపుతుంది. వీటినే సెక్యూరిటీ అప్‌డేట్లు అంటాం. ఇవి సాధారణంగా ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా సమయం ప్రకారం విడుదలవుతాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. విండోస్ 10, విండోస్ 11 అన్నదమ్ముల్లాంటివి. లోపలి సరుకు చాలావరకు ఒకటే. విండోస్ 11లో ఒక కన్నాన్ని పూడ్చినప్పుడు, దొంగలు ఆ పూతను పరిశీలించి కన్నం ఎక్కడుందో తెలుసుకుంటారు. అదే కన్నం విండోస్ 10లోనూ ఉంటే, అక్కడ పూడ్చేవారు లేరని వారికి తెలుసు. అందువల్ల మరమ్మతు అందని కంప్యూటర్‌కు నెలలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

"మాకు యాంటీవైరస్ ఉంది కదా" అని ఒక నాన్నగారు అన్నారు. విండోస్ 10లో ఉండే డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు అందుతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించిన మాట నిజమే. అయితే యాంటీవైరస్ వాచ్‌మన్ లాంటిది. తెలిసిన దొంగ వస్తే పట్టుకుంటాడు. గోడకు పడిన కన్నాన్ని పూడ్చడం అతని పని కాదు.

2017 మే నెల నేర్పిన పాఠం

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2017 మే 12న వానాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించమని తెర మీద చూపించేది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఈ కథలో మనం గుర్తుంచుకోవలసిన తేదీ మే 12 కాదు, మార్చి 14. వానాక్రై దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ రోజునే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. అప్పటికి విండోస్ 7 పాతదే అయినా దానికి ఇంకా సపోర్ట్ ఉంది. ఆ అప్‌డేట్ వేసుకున్న విండోస్ 7 కంప్యూటర్లకు వానాక్రై దూరే దారి మూసుకుపోయింది. వేసుకోనివి దొరికిపోయాయి. దెబ్బతిన్నవాటిలో చాలా ఎక్కువ భాగం విండోస్ 7 కంప్యూటర్లే.

కాబట్టి "పాతదా, కొత్తదా" అన్నది సరైన ప్రశ్న కాదు. "దీనికి మరమ్మతు అందుతోందా, లేదా" అన్నదే ప్రశ్న. షాపువారు మొదటి ప్రశ్న అడిగి కొత్తది అమ్ముతారు. మీరు రెండో ప్రశ్న అడగండి.

బ్యాంకులు ఏం చేశాయి?

మనం డబ్బు తీసుకునే ఏటీఎంల లోపల కూడా కంప్యూటరే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ముగిసినా, మన దేశంలో చాలా ఏటీఎంలు ఆ తర్వాత కూడా దాని మీదే నడిచాయి. 2018 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ గట్టిగా ఆదేశించింది. ఆ ఆదేశంలోని వరస మనకు పనికొస్తుంది.

మొదట చేయమన్నవి ఖర్చు లేని జాగ్రత్తలు. సెట్టింగ్స్‌కు పాస్‌వర్డ్ పెట్టడం, పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ దారి మూయడం వంటివి. వీటికి గడువు 2018 ఆగస్టు. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు, అది కూడా విడతలుగా. 2018 సెప్టెంబర్ నాటికి కనీసం 25 శాతం, డిసెంబర్‌కు 50 శాతం, 2019 మార్చికి 75 శాతం, జూన్‌కు మొత్తం.

అంత డబ్బున్న బ్యాంకులకే ఒక్క రోజులో మార్చమని చెప్పలేదు. ముందు జాగ్రత్త, తర్వాత లెక్క చూసుకుని మార్పు. మన ఇంట్లోనూ అదే వరస పాటిద్దాం.

మీ కంప్యూటర్‌ను ఐదు నిమిషాల్లో పరీక్షించండి

మొదటి పని: కీబోర్డ్ మీద విండోస్ గుర్తున్న మీట నొక్కి, ఇంగ్లిష్‌లో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో విండోస్ 10 అనో 11 అనో ఉంటుంది. 11 అని ఉంటే మీకు కంగారు లేదు, అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకుంటే చాలు. 10 అని ఉంటే పక్కనున్న వెర్షన్ చూడండి. అది 22హెచ్2 అయి ఉండాలి. కాకపోతే ముందు ఉచితంగా దానికి మార్చుకోండి.

రెండో పని: సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సిస్టమ్ నొక్కి, చివరన ఉన్న అబౌట్ తెరవండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. ఇంటెల్ వారి ప్రాసెసర్ అయితే ఐ3, ఐ5, ఐ7 తర్వాత గీత పక్కనున్న సంఖ్యను చూడండి. 7200 అని ఉంటే అది 7వ తరం. 8250 అయితే 8వ తరం. 1135 అని ఉంటే 11వ తరం. విండోస్ 11కు, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. ఏఎండీ వారి వాటిలో సంఖ్యను చూసి చెప్పడం కష్టం, కాబట్టి మూడో పని చేయండి.

మూడో పని: మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్‌ను వారి సొంత సైట్ నుంచే దించుకుని నడపండి. మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందా లేదా, సరిపోకపోతే ఎందువల్లో అది చెబుతుంది. కాగితం మీద కనీస అవసరాలు ఇవి: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0. అయితే 4 జీబీ ర్యామ్‌తో, పాత తరహా హార్డ్‌డిస్క్‌తో విండోస్ 11 నడిపితే పిల్లల ఓపిక పరీక్షించినట్టే అవుతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటేనే హాయిగా ఉంటుందని నా అనుభవం.

టీపీఎం అన్నది చాలామందిని భయపెడుతున్న మాట. అది తాళంచెవులను భద్రంగా దాచే భాగం. కొన్ని కంప్యూటర్లలో విడి చిప్‌గా ఉంటుంది, చాలావాటిలో ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. "టీపీఎం లేదు" అని హెల్త్ చెక్ చెప్పినంత మాత్రాన నిజంగా లేదని కాదు. 8వ తరం, ఆ తర్వాతి డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో అది ఉంటుంది గానీ ఆఫ్ చేసి ఉంటుంది. బయోస్ సెట్టింగ్స్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే పని అయిపోతుంది. ఈ ఒక్క మీట తెలియక కొత్త కంప్యూటర్ కొన్నవారు ఉన్నారు.

మీ ముందున్న నాలుగు దారులు

1. సరిపోయే కంప్యూటర్ అయితే విండోస్ 11కు మారండి. అసలైన లైసెన్స్ ఉన్న విండోస్ 10 నుంచి మారడానికి మైక్రోసాఫ్ట్ డబ్బు తీసుకోదు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీ నుంచే మారవచ్చు. మీ ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు అలాగే ఉంటాయి. మారాక నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలూ ఉంది. ఆ పది రోజుల్లోనే ప్రింటర్, స్కానర్, పిల్లలు వాడే ప్రోగ్రామ్‌లన్నీ ఒకసారి నడిపి చూడండి.

2. సరిపోని కంప్యూటర్ అయితే గడువు పొడిగించుకోండి. ఇంటి వాడకందారుల కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. ఈఎస్‌యూ అని పిలుస్తారు. ఇందులో చేరడానికి మూడు మార్గాలు: మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మీ సెట్టింగ్స్‌ను బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదా ఒకేసారి 30 డాలర్లకు సమానమైన రుసుము. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింక్ కనిపిస్తుంది. పిల్లల అకౌంట్‌తో చేరడం కుదరదు. పెద్దవారి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ కావాలి. ఒక అకౌంట్ మీద పది కంప్యూటర్ల వరకు చేర్చవచ్చు కాబట్టి అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఒకరు చేరితే అందరికీ సరిపోతుంది. అయితే ఇది తాత్కాలికం. కొన్న సమయాన్ని నిర్ణయం తీసుకోవడానికి వాడుకోండి, మరచిపోవడానికి కాదు.

3. యంత్రం బాగుండి విండోస్ 11 రాకపోతే లినక్స్ ఆలోచించండి. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితం, వీటికి మరమ్మతులు క్రమంగా అందుతాయి. లినక్స్ మింట్‌కు 4 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుంది. ఇదేదో ఇంజనీర్ల వస్తువు అనుకోకండి. పక్కనున్న కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో వాడుకునే లినక్స్‌ను తయారుచేసింది. ఇంటర్నెట్ చూడటం, వీడియో పాఠాలు, రాతపని, ప్రెజెంటేషన్లు, పైథాన్ ప్రోగ్రామింగ్ అన్నీ ఇందులో అవుతాయి. కానీ విండోస్ కోసమే చేసిన కొన్ని ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవు. మీ బాబు లేదా పాప ఆన్‌లైన్ పరీక్షలేవైనా ఇంటి నుంచి రాస్తుంటే, ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే వీలుంది. నచ్చితేనే ఎక్కించండి.

4. కొత్తది కొనడం. ర్యామ్ పెంచడానికి వీల్లేక, బ్యాటరీ పోయి, తెర వదులై, ఇక దేనికీ సరిపోని స్థితిలో ఉంటే కొనండి. ఇది చివరి దారి, మొదటిది కాదు. పాత కంప్యూటర్‌ను కబాడీవాలాకు అమ్మే ముందు అందులోని సమాచారం పూర్తిగా తుడిపించండి, లేదా హార్డ్‌డిస్క్ తీసి ఇంట్లో ఉంచుకోండి.

ఛత్తాబజార్ నాన్నగారి ప్రశ్న

ఒక విద్యార్థి తండ్రి ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల డీటీపీ పని చేస్తారు. తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్, కూర్పుకు పేజ్‌మేకర్. ఆయన వాడే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. "మేడమ్, విండోస్ మారిస్తే ఈ సాఫ్ట్‌వేర్ నడుస్తదో నడవదో. పెండ్లిళ్ల సీజన్ల ఆగిపోతే నాకు అన్నమెట్ల?" అన్నారు.

ఆయన భయం న్యాయమైనది. ఆయనకు నేను చెప్పింది ఇది. ఆ కంప్యూటర్‌ను అలాగే ఉంచండి, కానీ దాని ఇంటర్నెట్ తీసేయండి. నెట్ లేని కంప్యూటర్‌కు దూరం నుంచి దూరే దొంగ ఉండడు. ఇక మిగిలేది కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్ దారి. ఆ పెన్‌డ్రైవ్‌లను ముందు అప్‌డేట్లు అందుతున్న వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేసి తర్వాతే ఇందులో పెట్టండి. బ్యాంకు పని, మెయిల్, వాట్సాప్ దీంట్లో చేయకండి. పాప హోంవర్క్ కూడా దీంట్లో వద్దు.

ఇంకొక మాట. పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగులో ఉన్నవి ఫోన్‌లో, లినక్స్‌లో, విండోస్‌లో ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్‌ను తీరిక దొరికినప్పుడల్లా యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకుంటే, ఆ పాత యంత్రం ఏదో ఒక రోజు కన్నుమూసినా పని ఆగదు.

మార్చే ముందు: మా ఇంట్లో పోయిన ఫొటోలు

కొన్నేళ్ల కిందట మా ఇంటి కంప్యూటర్ నెమ్మదించింది. నేను బడిలో ఉండగా మా తమ్ముడు దాన్ని ఒక షాపుకు తీసుకువెళ్లాడు. "కొత్త విండోస్ వేశాను, డి డ్రైవ్ ముట్టుకోలేదు, సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేశాను" అన్నాడట షాపు అబ్బాయి. అతను అబద్ధం చెప్పలేదు. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించేవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉండేవి మామూలుగా సి డ్రైవ్‌లోనివే. మా నాన్నగారి చివరి సంక్రాంతి ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉండేవి. మళ్లీ దొరకలేదు.

కంప్యూటర్ పాఠం చెప్పే నా ఇంట్లోనే ఇలా జరిగింది. అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు ఈ మూడు పనులు చేయమని ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతాను.

ఒకటి, ముఖ్యమైనవాటికి మూడు కాపీలు ఉంచండి. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్ లేదా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంటికి దూరంగా, అంటే ఆన్‌లైన్ స్టోరేజ్‌లోనో బంధువుల ఇంట్లోనో ఒకటి. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీ మాత్రమే కాబట్టి వీడియోలు దాంట్లో పట్టవు. సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు, ఎంచుకున్న ఫొటోలకు చాలు.

రెండు, కాపీ చేశాక ఊరుకోకండి. ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవని కాపీ కాపీ కాదు.

మూడు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ మెయిల్, పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబర్ ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఇప్పటి విండోస్ 11 కంప్యూటర్లలో డిస్క్ మొత్తానికి తాళం పడే సదుపాయం చాలాసార్లు దానంతట అదే ఆన్ అవుతుంది. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది మీ అకౌంట్‌లో భద్రమవుతుంది. బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడు కంప్యూటర్ ఆ కీ అడగవచ్చు. షాపు అబ్బాయి తన అకౌంట్‌తో మీ కంప్యూటర్ సెట్ చేస్తే, ఆ తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. అకౌంట్ మీదే అయి ఉండాలి, టైప్ చేసేది మీరే అయి ఉండాలి.

షాపులో అడగవలసినవి

ఫలక్‌నుమా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. అక్కడికి వెళ్లినా, మన గల్లీ చివరి షాపుకే వెళ్లినా, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

విండోస్ 11కు ఇది ఎందువల్ల సరిపోదు? ప్రాసెసర్ వల్లనా, టీపీఎం వల్లనా, ర్యామ్ వల్లనా? కారణం చెప్పలేకపోతే ఇంకో షాపు చూడండి.

ఎక్కించేది అసలైన విండోసేనా? బిల్లు మీద రాసిస్తారా? దొంగ కాపీని యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రామ్‌లతోనే చాలాసార్లు వైరస్ లోపలికి వస్తుంది. కన్నం పూడ్చడానికి పోయి తలుపు తెరిచినట్టవుతుంది.

బైపాస్ చేసి వేస్తున్నారా? సరిపోని కంప్యూటర్‌లో అడ్డంకి దాటించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి. అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ తాము ఇవ్వమని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. విండోస్ 11 హోమ్ ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ 24 నెలలే. తర్వాతి వెర్షన్ మీ యంత్రంలోకి రాకపోతే మళ్లీ ఇదే చోటికి వస్తారు.

ఫార్మాట్ చేస్తారా, ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ చేస్తారా? ఫార్మాట్ అంటే మీ ఎదురుగా బ్యాకప్ చూపించిన తర్వాతే చేయమనండి.

ఫోన్ చేసి "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ ఆగిపోతుంది" అనేవారు మోసగాళ్లు. తెర మీద ఫోన్ నంబర్‌తో కనిపించే హెచ్చరికలూ అలాంటివే. కంపెనీ అలా ఫోన్ చేయదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఎప్పుడు చేయాలి?

బ్యాకప్, ఈఎస్‌యూలో చేరడం ఈ వారమే చేయండి. వీటి వల్ల కంప్యూటర్‌లో ఏదీ మారదు, పిల్లల చదువుకు అడ్డు రాదు. విండోస్ 11కో లినక్స్‌కో మారడం మాత్రం పరీక్షల ముందు పెట్టుకోకండి. రేపు ప్రాజెక్ట్ ఇవ్వాలనగా ఈ రాత్రి అప్‌గ్రేడ్ మొదలుపెట్టి, తెర మీద శాతాలు లెక్కపెడుతూ పిల్లలు ఏడ్చిన ఇళ్లు నాకు తెలుసు. వేసవి సెలవుల మొదటి వారం మంచి సమయం. ఏదైనా తేడా వచ్చినా సరిచేసుకోవడానికి రోజులుంటాయి.

మారే వరకు ఒక నియమం పెట్టుకోండి. అప్‌డేట్లు అందని కంప్యూటర్‌లో బ్యాంకు పని, ఫీజు చెల్లింపు, ఆధార్ డౌన్‌లోడ్ చేయకండి. అప్‌డేట్లు అందుతున్న ఫోన్ ఉంటే అందులో చేయండి. ఫోన్‌కు కూడా ఇలాంటి గడువు ఉంటుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఒకసారి చూసుకోండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయమనండి. మొదటి దాంట్లో "మన కంప్యూటర్" అని రాసి విండోస్ వెర్షన్, ప్రాసెసర్ తరం, ర్యామ్ నింపాలి. రెండో దాంట్లో "దీంతో ఎవరు ఏం చేస్తారు" అని రాసి ఇంట్లో అందరి పేర్లూ పెట్టాలి. మూడో దాంట్లో "పోతే మళ్లీ దొరకనివి" రాయాలి. నాలుగో దాంట్లో ఇంటిల్లిపాదీ కలిసి పైన చెప్పిన నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకుని, ఎందుకో ఒక వాక్యంలో రాయాలి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు ఆ కాగితాన్ని కంప్యూటర్ పీరియడ్‌కు తెస్తే కలిసి చూస్తాం. ఏ దారి ఎంచుకున్నారన్నదానికి మార్కులు ఉండవు, ఎందుకన్నది చూస్తాను. మూడో గడి నింపేటప్పుడు మాత్రం తాతయ్య, నాయనమ్మలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పోతే మళ్లీ దొరకనివి ఏవో వారికే బాగా తెలుసు.

ఇంతకీ ఆ తల్లి తెచ్చిన ల్యాప్‌టాప్ సంగతి. అది ఇంటెల్ 7వ తరం, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 రాదు. అంతవరకు షాపతను చెప్పింది నిజమే. అక్కడే కూర్చుని ఆమె అకౌంట్‌తో ఈఎస్‌యూలో చేర్చాం, డబ్బేమీ కాలేదు. పాప ప్రాజెక్టులు, చెల్లెలి బారసాల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మా ల్యాబ్ కంప్యూటర్‌లో తెరిచి చూశాం. వేసవిలో పాప లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తానంది. నచ్చితే అదే ల్యాప్‌టాప్ పదో తరగతి దాకా నడవవచ్చు. నచ్చకపోతే అక్టోబర్‌లోపు కొత్తదాని కోసం నెలనెలా కొంత పక్కన పెట్టుకుంటామన్నారు ఆ తల్లి.

"అయితే ఇప్పుడే కొననక్కర్లేదన్నట్టు" అని ల్యాప్‌టాప్‌ను మళ్లీ సంచిలో పెట్టుకుని లేచారామె. పాప మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్, ఆ ఆరు అక్షరాలు మళ్ల చెప్పండి, మా మామయ్య కంప్యూటర్‌ల కూడ చూస్త" అంది.

మీ ఇంట్లో ఏదైనా అనుమానం ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున ల్యాప్‌టాప్, దాని ఛార్జర్, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకురండి. కలిసి చూద్దాం.

కంప్యూటర్ విభాగం, ఫలక్‌నుమా శాఖ